దుప్పటికి అవతలి కొస

లాండ్రీ అక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. మనిషి పొట్టి, నోరు పెద్దది. ఆవిడ భర్త అందుకు పూర్తిగా తిరగేసిన బాపతు. ఏ గుమ్మం దాటాలన్నా తల వంచాల్సినంత పొడుగు, మాట మాత్రం అడిగి అడిగి రాబట్టుకోవాలి. అందరూ ఆయన్ని పొడుగాయన అనే పిలుస్తారు. ఇద్దరూ కలిసి నడిపే లాండ్రీకి హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు, ఒక హాస్టల్ దుప్పట్లు మూటలు మూటలుగా వస్తాయి. ఉతకడానికి మెషిన్లున్నాయి, ఆరబెట్టడానికి మెషిన్లున్నాయి. మడత మాత్రం పెళ్లయినప్పటి నుంచీ ఈ ఇద్దరి చేతుల మీదే నడిచింది.

పెద్ద దుప్పటి మడతపెట్టడాన్ని మీరెప్పుడైనా నిలబడి చూశారో లేదో. చెరో రెండు కొసలూ పట్టుకుని చెరో గోడ దాకా వెనక్కి నడవాలి. చేతులు పైకెత్తి ఒక్కసారి గట్టిగా లాగాలి. అప్పుడే ముడతలు పోతాయి. తర్వాత ఒకరు నడిచివచ్చి తమ కొసలు రెండోవాళ్ల చేతుల్లో పెట్టి, కిందికి వేలాడుతున్న మడతను అందుకుని మళ్లీ వెనక్కి వెళ్లాలి. నడిచి రావడం ఎప్పుడూ అక్క పనే. ఆయన పొడుగుకు సరితూగాలంటే ఆవిడ చేతులు తల దాటి పైకి లేవాల్సిందే, లేకపోతే ఉతికిన దుప్పటి నేలంతా ఊడ్చేస్తుంది.

ఈ రాకపోకల్లోనే వాళ్ల సంసారం సగం జరిగింది. దూరంగా ఉన్నప్పుడు వీధి కబుర్లు. దగ్గరికొచ్చి వేళ్లు వేళ్లకు తగిలినప్పుడు కౌంటర్ దగ్గరున్నవాళ్లకు వినపడకూడని ఇంటి కబుర్లు. కూతురు ఏ చదువు చదవాలో అక్కడే తేలింది, ఆ పిల్ల పెళ్లి సంబంధం అక్కడే ఖాయమైంది. పోట్లాటలకూ అదే చోటు. దుప్పటికి ఈ కొసన నిలబడి మూతి తిప్పుకుంటే పట్టు జారిపోతుంది కాబట్టి ఎంత కోపమున్నా ఎదుటి మొహం చూడక తప్పదు. ఆ పొడుగు మొహాన్ని చూస్తూ చూస్తూ ఎంతసేపని కోపంగా ఉండగలరు చెప్పండి. దుప్పట్ల గుట్ట సగానికి దిగేసరికి ఆవిడకే నవ్వొచ్చేసేది.

అలాంటిది ఆవిడ కుడి భుజం పట్టేసింది. జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి పోదు, పై అరలో డబ్బా అందదు. కొన్నాళ్లు బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడు. పొడుగాయన ఆ మాటను వేదంలా పట్టుకున్నాడు. నోరు విప్పి ఒక్క ముక్క అనకుండా వెళ్లి, ఎక్కడో మూతపడిన లాండ్రీ నుంచి ఒక మడత మెషిన్ కొని తెచ్చి వెనక గదిలో బిగించాడు. నిలువెత్తు ఇనుప చట్రం, దాని పైన రెండు క్లిప్పులు. క్లిప్పులకు కొసలు తగిలించి కింద పెడల్ తొక్కితే చాలు, అవతలి మనిషి చెయ్యాల్సిందంతా అదే చేసిపెడుతుంది.

వీధి వీధంతా మెచ్చుకుంది. పెళ్లాం చెయ్యి నొచ్చిందని ఇంత ఖర్చు పెట్టిన మగాణ్ని మేం చూడలేదు, అదృష్టమంటే నీదేనమ్మా అన్నారు. అక్క కూడా మొదటి రోజు మురిసిపోయిన మాట నిజం. కౌంటర్ దగ్గర కుర్చీలో మహారాణిలా కూర్చుని చీటీలు రాసింది.

తర్వాత తర్వాత ఆ మురిపెం కరిగిపోయింది. వెనక గదిలో ఆయన, ముందు గదిలో ఈవిడ, మధ్యలో ధడక్ ధడక్‌మనే ఆ ఇనుప సవతి. ఇంటికి వెళ్తే ఆయన అన్నం తిని పడుకుంటాడు. ఆవిడ ఏదన్నా మొదలుపెడితే ఊఁ అంటాడు. సబ్బు పొడి అయిపోయింది, గ్యాస్ వచ్చింది, హోటల్ వ్యాను ఆలస్యమట. వాళ్ల మధ్య మిగిలిన మాటలు అవే. ఒకరోజు కౌంటర్‌కి వచ్చిన హాస్టల్ వార్డెన్, మీవారికి కళ్లజోడు బాగా నప్పిందండీ అంది. అక్క బిత్తరపోయి వెనక్కి తిరిగి చూసింది. అవును, ఆయన ముక్కు మీద కళ్లజోడు ఉంది. కొత్తది. తన మొగుడు కళ్లజోడు పెట్టుకున్న సంగతి తనకు ఊళ్లోవాళ్లు చెప్పాలా! ఆ పూట ఆవిడకు ఏడుపొచ్చింది. భుజం నొప్పికి ఏడవని మనిషి కళ్లజోడుకు ఏడ్చింది.

ఏడ్చి ఊరుకునే రకం కాదు ఆవిడ. కళ్లు తుడుచుకున్నాక ఒక నిర్ణయానికి వచ్చింది. మడత తనకు కావాలి. దుప్పటికి అవతలి కొస ఇనుపదానిది కాదు, తనది. దానికి చెయ్యి లేవాలంటారా, లేపుతుంది.

భర్తతో అంటే ఒప్పుకోడని తెలుసు. అయినా అంది. ఆయన అద్దాల్లోంచి ఓసారి చూసి, అక్కర్లేదులే అన్నాడు. ఎందుకక్కర్లేదని గుచ్చి అడిగితే లేచి బయటికి వెళ్లిపోయాడు. సరే, మీ మౌనం మీరు పట్టుకోండి, నా పట్టు నేను పడతాను అనుకుంది ఆవిడ మనసులో.

ఆడపడుచును తోడు తీసుకుని ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి వెళ్లింది. ఈ ఆడపడుచు లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర పని చేస్తుంది. అన్నకు దక్కాల్సిన మాటలు కూడా తనే దోచుకుని పుట్టిందని వదిన ఆటపట్టిస్తుంటుంది. ఫిజియో అమ్మాయి చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, భుజం బిగుసుకుపోయిందని తేల్చింది. మొదట్లో విశ్రాంతి మంచిదే గానీ ఇప్పుడు కదల్చకపోతే ఇంకా బిగుసుకుంటుందట. ఈ వయసులో చాలామందికి ఏ కారణమూ లేకుండానే ఇలా వస్తుందట. కుర్చీలో కూర్చోబెట్టి అపురూపంగా చూసుకోవడం ఇంక చాలన్నమాట. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకించమంది.

వంటింటి గోడ మీద ఆ యాత్ర మొదలైంది. మొదట్లో వేళ్లు స్విచ్‌బోర్డు దాకా కూడా పోలేదు. చెమటలు పట్టేవి, కళ్లముందు చుక్కలు కనపడేవి. ఆవిడ గోడను తిట్టింది, భుజాన్ని తిట్టింది, ఆ రెండిటికీ సిగ్గులేదని తేలాక మళ్లీ పాకించింది. కూర ఉడికేలోపు ఓసారి, పాలు పొంగేలోపు ఓసారి. పొడుగాయన మంచినీళ్లకని వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, ఆవిడ మొహంలో నొప్పి చూసి దాహం మరచిపోయి వెళ్లిపోయేవాడు. స్విచ్‌బోర్డు దాటి క్యాలెండర్ మేకు అందిన రోజున ఆవిడ ఆ సంగతి కూతురికి ఫోన్ చేసి చెప్పింది. ఏ కొండెక్కావమ్మా అని కూతురు నవ్వింది. క్యాలెండర్ ఎక్కానే అంది అక్క గర్వంగా.

ఆ ధైర్యంతో ఒక మధ్యాహ్నం, భర్త వ్యాను దగ్గర ఉన్నప్పుడు, ఆడపడుచును పిలిచి హోటల్ దుప్పటి ఒకటి అవతల పట్టుకోమంది. వెనక్కి నడిచింది, చేతులెత్తింది. ఎడమది లేచింది. కుడిది చెవి దాకా వెళ్లి అక్కడ మొండికేసింది. దుప్పటి సగం నేల మీద పడింది. గోడ మీద కాస్త పైకి పాకిన చెయ్యి బరువు పట్టేసరికి మాట వినలేదు. వదినా పోనివ్వు, ఇంక వదిలెయ్, మెషిన్ ఉందిగా అంది ఆడపడుచు జాలిగా. ఆ జాలి అక్కకు పుండు మీద కారం చల్లినట్టయింది. మెషిన్‌కు నీ అన్న మొహం చూడటం వచ్చా అని అడిగింది. ఆ దుప్పటిని అక్కే తీసుకెళ్లి మళ్లీ ఉతుక్కి వేసింది, ఇంటికెళ్లి మళ్లీ గోడ ముందు నిలబడింది.

ఈసారి ఖాళీ చెయ్యి కాదు, చేతిలో తడి తువ్వాలు. అది తేలికనిపించాక దుప్పటి. ఫిజియో అమ్మాయి అంత తొందర వద్దంటే సరేనని తలూపి, ఆ అమ్మాయి చెప్పినంతే చేసింది. ఒక్కటి మాత్రం ఎక్కువ చేసింది. మానలేదు.

వ్యాను రాని ఒక ఆదివారం ఉదయం తాడోపేడో తేల్చుకోవాలనుకుంది. ఆడపడుచును రావద్దని చెప్పింది. వెనక గదిలోకి వెళ్లి, ఆయన పెడల్ తొక్కుతుండగా గోడకున్న ప్లగ్ పీకేసింది. చట్రం గుటుక్కుమని ఆగిపోయింది. బుట్టలోంచి ఒక పెద్ద దుప్పటి తీసి రెండు కొసలు ఆయన ముందుకు చాపింది.

"పట్టుకోండి."

ఆయన పట్టుకోలేదు. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ చాపిన చెయ్యి దించలేదు. ఆ బరువు ఆ భుజం మీద ఉండటం చూడలేక అందుకున్నాడు. ఆవిడ తన గోడ దాకా వెనక్కి నడిచింది. చేతులెత్తింది. కుడి చెయ్యి చెవి దాటింది, ఇంకా కొంచెం లేచి తల పక్కన నిలబడింది. ఎడమదానంత ఎత్తు కాదు. దుప్పటి ఒక పక్కకు వాలి ఉంది గానీ నేలను తాకలేదు.

"లాగండి," అంది.

ఆయన కదలలేదు. దుప్పటి మధ్యలో ఉయ్యాలలా వేలాడింది.

"నా వల్ల కాదు," అన్నాడు. "ఆ రోజు లాగింది నేనేగా. ఏదో తొందరలో గట్టిగా లాగాను. నువ్వు కెవ్వుమన్నావు. నీ మొహం ఇంకా నా కళ్లముందే ఉంది. మర్నాటి నుంచే నీ చెయ్యి లేవలేదు. ఈ చేతులతో నేనే పాడు చేశాను. ఇంక నీ వైపు దుప్పటి లాగనని ఒట్టు పెట్టుకున్నాను."

ఇన్నేళ్లలో ఆయన ఒక్క దమ్మున అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. అక్కకు ఒక్కసారిగా అన్నీ అర్థమయ్యాయి. ఆ ఇనుప చట్రం, ఆ ఊఁ కొట్టడం, వంటింటి గుమ్మంలోంచి దాహంతోనే తిరిగిపోవడం. తనమీద మనసు విరిగి దూరం జరిగాడనుకుంది. దగ్గరికొస్తే మళ్లీ ఎక్కడ విరిచేస్తానోనని జరిగాడా మహానుభావుడు. ఆవిడకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమా, ఆయన్ని నాలుగు దులిపేయాలన్నంత కోపమూ ఒకేసారి వచ్చాయి. కానీ ముందు తను చెప్పాల్సింది ఒకటి ఉంది.

"మీరు లాగక ముందు నుంచే నొప్పి ఉంది," అంది. "చాన్నాళ్ల నుంచీ ఉంది. రాత్రుళ్లు ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయేదాన్ని."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మడత మాన్పిస్తారని."

పొడుగాయన మొహం మొదట తెల్లబోయింది. తర్వాత మెల్లగా ఎర్రబడింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ఇన్నాళ్లూ నేను... నువ్వు ముందే... నోట్లో ఏం పెట్టుకున్నావు నువ్వు?" అన్నాడు. మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నేనిక్కడ కుమిలి చస్తుంటే నువ్వు నొప్పి దాచుకుని కూర్చున్నావా, నాకు తిండి సయించడం లేదని తెలుసా, ఊరంతా నన్ను మెచ్చుకుంటుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చచ్చాను తెలుసా అని నిలదీశాడు. మీరు మాత్రం నోరు విప్పి ఏడ్చారా, అడిగితే లేచి వెళ్లిపోయిందెవరు, కళ్లజోడు తెచ్చుకుని కట్టుకున్నదానికి చూపించాలని కూడా తోచలేదా అని ఆవిడ తిరగబడింది. వీధిలో వెళ్తున్నవాళ్లెవరో ఆగి లోపలికి తొంగిచూశారు. ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు. ఎవరూ కొసలు వదల్లేదు, మొహం తిప్పుకోలేదు.

"ఇంకోసారి నా దగ్గర నొప్పి దాచావంటే చూడు," అంటూ ఆ కోపంలో తనకు తెలియకుండానే ఆయన దుప్పటిని పట్టి లాగాడు. అది ఒక్క విసురుకు బిర్రుగా సాగింది. అక్క పళ్లు బిగబట్టింది. నొప్పి వచ్చింది, రాలేదని కాదు. కానీ చెయ్యి ఎక్కడ ఉందో అక్కడే నిలబడింది, కొస ఆవిడ పిడికిట్లోనే ఉంది.

ఏం చేశాడో తెలిసొచ్చి పొడుగాయన రాయిలా అయిపోయాడు. రంగు పోయిన మొహంతో ఆవిడ భుజాన్నే చూశాడు.

ఆవిడ నడిచి వచ్చింది. ఆయన వేళ్లలో తన కొసలు పెట్టి, అక్కడే కాసేపు ఆగి, ఆ మొహాన్ని దగ్గర నుంచి చూసింది. కణతల దగ్గర నెరిసింది, కళ్ల కింద నల్లబడింది. ఇదంతా తను లేనప్పుడు జరిగింది.

"నొప్పి ఉంది," అంది. "ఉన్నప్పుడు ఉందని చెప్తాను. మీకు భయం వేసినప్పుడు వేసిందని మీరు చెప్పండి. దాచుకోవడం ఇంక వద్దు."

"ఇప్పుడు వేస్తోంది," అన్నాడు ఆయన.

"సరే," అంది ఆవిడ. వంగి, వేలాడుతున్న మడతను అందుకుని, మళ్లీ తన గోడ వైపు వెనక్కి నడిచింది. "భయపడుతూనే లాగండి."

ఆయన లాగాడు.