మొద్దుబారిన చేతులు

మా ఊళ్లో ఎవరింట పురుడైనా పసిబిడ్డకు నీళ్లు పోయడానికి నన్నే పిలుస్తారు. కాళ్లు బార్లా చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నీళ్లు పోశానంటే ఎంత పెంకి పిల్లైనా ఏడుపు మానాల్సిందే. అలాంటి ఈ జగ్గమ్మను సొంత మనవడినే ముట్టుకోవద్దంటే ఒళ్లు మండదూ?

పందొమ్మిదొందల అరవై ఎనిమిదిలో మా కోడలు తాయారు నౌపడలో, పుట్టింట్లో, మగపిల్లాణ్ణి కన్నది. కబురందగానే రామతీర్థం నుంచి పరుగెత్తాను. వియ్యపురాలు మరిడమ్మ ఎదురొచ్చి మజ్జిగిచ్చింది. నేను గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం చూసింది.

"సేతులకేటైంది వొదినా?"

"ఏటో, పొద్దున్న లెగిసేసరికి మొద్దుబారిపోతన్నాయి" అంటూ గ్లాసెత్తి తాగాను. మోచేతుల వెనక రేగిపండంతేసి గడ్డలు ఆవిడ కంట పడ్డాయి.

మరిడమ్మ ముఖం పాలిపోయింది. ఒంటి మీద గడ్డలు, పైగా మొద్దుబారడం! మా వైపు ఆ రెండూ కలిస్తే జనం నోట వచ్చే మాట ఒక్కటే, పెద్దరోగం, అంటే కుష్ఠు.

"ఏటీ అనుకోకు వొదినా, బిడ్డని ముట్టుకోకు" అంది ఏడుస్తూ. ఆ ఏడుపు చూస్తే నాకు ఇంకా మండింది.

"నీ నోట్లో మన్నడ! నాకు పెద్దరోగమా? నడు ఆస్పత్రికి, నీ ముందే తేలిపోద్ది!"

బస్సులో ఆవిడ ముందు సీట్లో, నేను వెనక సీట్లో. పైకి కేకలేశాను గానీ దారంతా ఒకటే ఆలోచన. నిజంగా అదే అయితే? మనవడి ఒంటి మీద చెయ్యి వెయ్యకుండానే పోతానా?

మిషనాస్పత్రి డాక్టరమ్మ జ్ఞానసుందరి నన్ను కళ్లు మూసుకోమంది. దూదితో తాకిన చోటల్లా చూపించమంటే చూపించాను. తర్వాత సూదితో పొడిచింది.

"ఓలమ్మో! నీ సెయ్యిరిగిపోనూ!"

అనేసి నాలుక కరుచుకున్నాను. డాక్టరమ్మ పకపకా నవ్వింది. "బాగా తిట్టావు! ఇంతకీ మొద్దుబారడమంటే? తాకితే తెలియదా, వేళ్లు వంగవా?"

"వొంగవు తల్లీ! ఎండెక్కితే గానీ వొంగవు."

"స్పర్శ పోలేదు కాబట్టి ఇది పెద్దరోగం కాదు, కీళ్లవాతం. ఈ జబ్బున్న కొందరికి మోచేతుల దగ్గర ఇలాంటి గడ్డలొస్తాయి. ఎవరికీ అంటుకోవు." మరిడమ్మ వైపు తిరిగింది. "పెద్దరోగానికైనా మందులున్నాయమ్మా. మనుషుల్ని దూరం పెట్టకండి."

మరిడమ్మ నన్ను వాటేసుకుని గొల్లుమంది. "నా నోటికి వాతెట్టు వొదినా!"

"ఎడతాను, ముందు ఇంటికి పద" అన్నాను. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. తిరుగు బస్సులో ఇద్దరం ఒకే సీట్లో ఇరుక్కుని, ఆవిడ కొన్న వేరుశనక్కాయలు తిన్నాం.

మర్నాడు ఎండెక్కేదాకా ఆగలేకపోయాను. తెల్లారీ తెల్లారకముందే కాళ్లు చాపి మనవణ్ణి పడుకోబెట్టించుకున్నాను. నూనె రాసిన ఒళ్లు, చేతికి చిక్కడు. వేళ్లా, ఒక్కటీ వంగదు. చెంబెత్తితే బిడ్డ జారతాడు, బిడ్డను పట్టుకుంటే చెంబు లేవదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

 మరిడమ్మ నా పక్కన కూలబడి, బిడ్డ తల కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసింది. ఆవిడ మోచెయ్యి నా గడ్డకు ఆనుకుంది.

"అంటుకుంటాది సూడు!" అన్నాను, ఉడికిద్దామని.

"అంటుకోనీ. నువ్వు పొయ్యి వొదినా, నానట్టుకున్నాను."

రెండు చేతులతో చెంబెత్తి నీళ్లు పోశాను.