జీవన్ కోసం ఏరిన వీడియోలు

నరేందర్ ఫోన్‌ను అద్దం వైపు తిప్పి పట్టుకున్నాడు. అతని షాపు షట్టర్ సగమే లేపి ఉంది. మంగళవారం మరి, మిర్యాలగూడలో ఏ కటింగ్ షాపు తెరుస్తారు? ఫోన్ వీడియోలో ఒకాయన, బంతుల్ని కర్రతో గుంతల్లోకి కొట్టే పూల్ ఆట టేబుల్ మీదికి వంగి ఉన్నాడు; అద్దంలో ఎడమచేత్తో కర్ర ఆడిస్తున్నట్టు కనబడుతున్నాడు. నిజానికి ఆయనది కుడిచేతి వాటమే. ఆట నేర్పేవాళ్లందరిదీ కుడివాటమే అయితే నరేందర్‌లాంటి ఎడమవాటం మనిషి ఏం గాను? అందుకే ప్రతి వీడియోనూ అద్దంలోనే చూస్తాడు.

ఏరడంలో మాత్రం మహా ఘటికుడు. బంతుల్ని గాల్లోకి ఎగరేసే సర్కస్‌వాళ్లను ఒక్క చూపుతో తోసేస్తాడు. ఇంగ్లీషా, హిందీనా అని చూడడు. అసలు సౌండే పెట్టడు. నేర్పేవాడి కాళ్లు కనబడాలి, మోచేయి కనబడాలి. గురి తప్పితే దాచకుండా చూపాలి. "ఎన్నడూ తప్పనోని దగ్గర మనకేం దొరుకుతది?" అంటాడు. పక్క మొబైల్ షాపులో పనిచేసే జీవన్‌ది దుడుకు చెయ్యి. బంతిని మెల్లగా తాకడం నేర్పే వీడియోల కోసం నరేందర్ కళ్లు గుంజేదాకా వెతికి, ఒక్కొక్కటే అతనికి పంపాడు.

ఈరోజు సూర్యాపేటలో జోడీల పూల్ పోటీ. నరేందర్, జీవన్ కలిసి ఆడాలని ఎప్పుడో అనుకున్నారు. జుట్టు కత్తిరించడం, ఊడ్చడం, మళ్లీ కత్తిరించడం, ఇదే నరేందర్ బతుకు. పెళ్లిపత్రికల మీద కూడా 'కటింగ్ నరేందర్' అనే రాస్తారు. ఒక్కసారి మైకులో 'నరేందర్, జీవన్ జోడీ' అని పిలవగా వినాలని అతని ఆశ. అంతకుమించి ఏమీ కోరలేదు పాపం.

జీవన్ వంగి షట్టర్ కింద నుంచి దూరాడు. "అన్నా, జర నీట్‌గ కొట్టు. ఫొటోలు దిగేదుంటది."

"మంగళవారం కత్తెర పట్టుడు గిదే మొదలు. నీ కోసమే రా," అంటూ నరేందర్ గుడ్డ కప్పాడు. కుడిపక్క చెవి మీద వెంట్రుకలు ఓపిగ్గా సవరించాడు. ఎడమపక్కకు జరుగుతుండగా బయట కారు ఆగింది. రైస్‌మిల్లు వాళ్లబ్బాయి విష్ణువర్ధన్ తల వంచి లోపలికొచ్చాడు.

"నరేందరన్నా, నీకు థాంక్స్ చెప్పాలె. నువ్వు ఏరిన వీడియోలన్నీ జీవన్ నాకు పంపిండు, మస్తు పనికొచ్చినయ్. నడుం నొప్పని నువ్వు తప్పుకుంటివట గద, అందుకే నన్ను జోడీగ పెట్టుకున్నడు. ఇప్పుడెట్లుంది?"

నరేందర్ నడుముకు ఏ రోగమూ లేదు. అద్దంలో జీవన్ కళ్ల కోసం చూశాడు. జీవన్ ఒళ్లోని గుడ్డ వైపే చూసుకుంటున్నాడు.

నరేందర్ కత్తెరను అద్దం ముందు పెట్టేశాడు. ఛీ! పేరు కొట్టేయించినోడివి కొట్టేయించావు, లేని రోగం కూడా అంటగట్టాలా?

"మంచిగనే ఉంది," అన్నాడు విష్ణువర్ధన్‌తో. "మీరు కార్ల కూసోండ్రి, పంపుత."

అతను బయటికి వెళ్లగానే జీవన్ నసిగాడు. "వాళ్లింట్లనే టేబుల్ ఉందన్నా, దినాం ఆడొచ్చు... నీకు చెప్దామనే అనుకున్న."

"చెప్పకపోతివి." నరేందర్ గుడ్డ విప్పి దులిపాడు. "లే."

"ఒక్క పక్కనే అయింది గదన్నా!"

"నడుం నొప్పి రా. ఇగ నిలబడలేను."

బయట హారన్ మోగింది. జీవన్ కుర్చీలోంచి లేచాడు. కత్తిరించని పక్కను అరచేత్తో అదుముకుని షట్టర్ కింద నుంచి వెళ్లిపోయాడు. కారు సూర్యాపేట రోడ్డెక్కింది.

"నీ కోసమే ఏరితి గదరా," అన్నాడు నరేందర్, ఖాళీ షాపులో. చీపురు తీసే ఓపిక కూడా లేక బల్ల మీద కూలబడ్డాడు.

కుర్చీకి కుడివైపు గచ్చు మీద జీవన్ జుట్టు కుప్పగా పడి ఉంది. ఎడమవైపు ఒక్క వెంట్రుక లేదు.