నూకరత్నం తెచ్చిన మాట

తరగతి గదిలో మడమల దాకా నీళ్ళున్నాయి, అయినా గున్నేశ్వరరావు మాస్టారికి అది వింతగా తోచదు, హాజరు పట్టీ తడవకుండా గుండెకు ఆనించుకుని పేర్లు పిలుస్తూనే ఉంటాడు, పిలిచిన ప్రతి పేరుకూ ఒక బల్ల కొంచెం పైకి తేలి గోడ వైపు జరుగుతుంది, గోడ ఉండవలసిన చోట ఇసుక దిబ్బ ఉంది, దిబ్బ అవతల సముద్రం ఉండాలి గాని కనిపించదు, దాని చప్పుడు మాత్రం నల్లబల్ల వెనక నుంచి వస్తుంది. మైలపల్లి నూకరత్నం అని కూడా పిలిచేస్తాడు. ఆ పేరు పట్టీలో కొట్టేసి ఏడాది దాటింది.

"ఉన్నానండి" అంటుంది మూడో బల్ల మీది పిల్ల.

జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది, చేతిలో మూత బిగించిన కూల్‌డ్రింకు సీసా. చనిపోయిన పిల్ల అని కలలో కూడా ఆయనకు తెలుసు, తెలిసీ ఇంత ఆలస్యమేమని గద్దిస్తాడు. బడిపంతులు బుద్ధి కలలో మాత్రం ఎక్కడికి పోతుంది?

బదిలీ మీద ఆ జాలరిపేటకు వచ్చిన కొత్తలో పిల్లలు ఆయన ముందు నోరు విప్పేవారు కాదు. తమ ఇళ్ళలో మాట్లాడేది తెలుగే కాదని ఎవరో వాళ్ళకు నూరిపోశారు. అందుకని ఆయన సోమవారం మాట పెట్టాడు. వారానికొకరు, ఇంతవరకు ఎవరూ తేని మాటొకటి ఇంటి నుంచి తేవాలి, దాని కోసం పాటలా ఒక పాదం కట్టాలి, దానికి జోడీ పాదం మాస్టారు అక్కడికక్కడే కట్టి నల్లబల్ల మీద రాయాలి, ఆ జంటను వారమంతా ఎవరూ చెరపకూడదు. మూడు నెలలు తిరిగేసరికి హెడ్మాస్టరు గొడుగు మీద, వంటమనిషి గరిటె మీద, ఆఖరికి మాస్టారి బట్టతల మీద కూడా జంటపాదాలు పుట్టుకొచ్చాయి. ముసలాళ్ళను కునుకు తియ్యనివ్వకుండా మాటలడుగుతున్నారని తల్లులు మొత్తుకున్నారు. నిజం చెప్పాలంటే, ముప్పై ఏళ్ళ కొలువులో ఆయన అంత సంతోషంగా ఉన్నది ఆ మూడు నెలలే.

తన వంతు వచ్చిన సోమవారం నూకరత్నం దొంగనీరు అనే మాట తెచ్చింది. అల విరిగాక అడుగు నుంచి చప్పుడు లేకుండా వెనక్కి లాక్కుపోయే నీటికి వాళ్ళ తాత పెట్టుకున్న పేరది. పాదం కూడా కట్టుకొచ్చి గడగడా చెప్పింది. మాస్టారు తన లావుపాటి నిఘంటువు తీశాడు, రెండుసార్లు వెతికాడు, అట్ట మూసి, అలాంటి మాట లేదమ్మా, నువ్వే పుట్టించావు అన్నాడు. పిల్లలు ఘొల్లుమన్నారు, ఆయనా నవ్వాడు. జోడీ పాదం కట్టలేదు. సాయంత్రం గేటు దగ్గర ఆ పిల్ల ఆయన్ని ఆపి, రేపు ఆ నీళ్ళు సీసాలో పట్టి తెచ్చి చూపిస్తానని చెప్పింది. సరేలే పొమ్మన్నాడు. తెల్లారి ఆ పిల్ల సముద్రంలో మునిగిపోయింది, ఆడుకోవడానికి వెళ్ళి అలకు చిక్కిందనే ఊరంతా అనుకుంది. ఎందుకు వెళ్ళిందో తెలిసినవాడు ఆయనొక్కడే, ఆయన ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు. సోమవారం మాట మాత్రం మాన్పించేశాడు.

"తెచ్చీసినాను మాస్టారూ" అంటూ ఆమె సీసా చాస్తుంది, ఆయన అందుకుంటాడు, సీసాలో నీళ్ళు ఒక పక్కకే లాగుతున్నాయి, లాగిన వైపే ఆయన మణికట్టు తిరుగుతుంది, ఏడాదిగా కూడబెట్టుకున్న మాటలన్నీ ఇప్పుడు చెప్పెయ్యాలని నోరు తెరుస్తాడు గాని, నోట్లోంచి అకారాది వరుసలో ఎవరికీ పనికిరాని మాటలే వస్తాయి, వచ్చినవి వచ్చినట్టు నీళ్ళలో పడి మునిగిపోతాయి. ఎంతసేపటికో ఒకటి తిన్నగా బయటపడుతుంది.

"భయం వెయ్యలేదా అమ్మా నీకు?"

"ఉంటే తెచ్చి సూపిద్దామనుకున్నాను. లేకపోతే భయమేటి అనుకున్నాను. మీరు లేదన్నారు కదా."

కోపంగా అనలేదు. ఎక్కం అప్పజెప్పినట్టు అంది. ఆయనకు ఏడుపొస్తుంది. ఆ మాట ఉందని ఒప్పుకుని ఉంటే, ఆ నీటి జోలికి పోవద్దని కూడా అదే నోటితో చెప్పి ఉండేవాడు, పిల్లలందరి చేతా పదిసార్లు అనిపించి ఉండేవాడు. అలల పక్కన బతికే వాళ్ళు ఆ నీటికి పేరు పెట్టుకున్నది పిల్లలు దాన్ని గుర్తుపట్టాలనే. అది తెలుసుకోలేనివాడు తెలుగు మాస్టారట.

నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి, బల్లలు ఒకటొకటిగా దిబ్బ దాటిపోతున్నాయి, నూకరత్నం కూర్చున్న బల్ల కూడా కదులుతుంది, అయినా ఆ పిల్ల తొందరపడదు, చేతులు కట్టుకుని తన పాదం మళ్ళీ చెబుతుంది.

"వచ్చే నీరు వాయించుకుంటా వస్తాది. జోడీ కట్టండి మాస్టారూ, నానెల్లాల."

ఆయన సుద్దముక్క కోసం తడుముకుంటాడు, దొరికిన ప్రతిదీ నీళ్ళకు కరిగి వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది, వాయించుకుంటా వస్తాది, వస్తాది అని తనలో తనే అనుకుంటాడు, తర్వాతి మాట రాదు, బల్ల దిబ్బ మీదికెక్కింది, ఒక్క నిమిషం ఆగమ్మా అని అరుస్తాడు గాని ఆ అరుపుకూ చప్పుడు లేదు.

మెడ పట్టేసి మెలకువ వస్తుంది. ఆఫీసు గదిలో కుర్చీ, మధ్యాహ్నం బడి అన్నం తిన్న భుక్తాయాసం, కిటికీలోంచి మొహం మీద ఎండ. బయట వరండాలో చప్పట్లాట సాగుతోంది. ఇద్దరు ఆడపిల్లలు ఎదురెదురుగా కూర్చుని అరచేతులు కొట్టుకుంటూ, రాగం తీస్తున్నారు.

"వచ్చే నీరు వాయించుకుంటా వస్తాది,
దొంగనీరు దోసిట్లో ఎత్తుకుపోతాది."

మాస్టారు గోడ పట్టుకుని లేచి గుమ్మంలోకి వస్తాడు. ఆ జోడీ పాదం ఎవరు కట్టారని అడగబోతాడు. ఆయన్ని చూడగానే పిల్లలు ఠక్కున ఆపి, చేతులు వెనక్కి దాచుకుని నిలబడతారు. వాళ్ళలో పెద్దది పోలమ్మ, నూకరత్నం పక్కన కూర్చునేది.

"ఇంకనం మాస్టారూ" అంటుంది బెదురుగా. "తప్పు మాట కదా అది. లేదన్నారు కదా మీరు."

"ఉందమ్మా" అంటాడు ఆయన. "ఆ మాట ఉంది."

పోలమ్మ వెనక దాచుకున్న చేతులు ముందుకు తీస్తుంది.

"మరి నూకరత్నానికెందుకు లేదని సెప్పినారు?"

పిల్లలిద్దరూ అక్కడే నిలబడి జవాబు కోసం చూస్తున్నారు.