రెండో బ్రేకు

బ్రేకుల వదినకి కాలు ఒక్కచోట నిలవదు. ఏళ్ల తరబడి డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి మరి! ఎవరి కారెక్కినా పక్కసీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. ఇంటిల్లిపాదీ ఆ పేరు పెట్టింది అందుకే. ఆడపడుచును చూడ్డానికి పరాయి దేశం వచ్చాక పరిస్థితి మరీ ముదిరింది. ఇక్కడ బండ్లన్నీ కుడిపక్కన పోతాయి. వీధి దాటాలన్నా ఆవిడకి గుండె దడే.

"ఇంట్లోనే ఉంటే నువ్వు గచ్చు అరగదీసేలా ఉన్నావు వదినా, పద" అని ఆడపడుచు తను సాయానికి వెళ్లే సెంటరుకు తీసుకెళ్లింది. మైనారిటీ కుటుంబాల ఆడపిల్లలకు అక్కడ డ్రైవింగ్ నేర్పుతారు. నేర్చుకున్నవాళ్లకి వ్యాను అప్పగిస్తారు. ముక్కూమొహం తెలియని డ్రైవర్లతో పంపేది లేదనే ఇళ్లలోని ఆడపిల్లల్ని వీళ్లు కాలేజీకి దింపుతారు. ఆ రోజు పరీక్ష.

వదిన పనేమిటో వినగానే సెంటరు మేడమ్ ముఖం చేటంతయింది. ఆవిడ గడగడా ఏదో చెబితే ఆడపడుచు తెలుగు చేసింది.

"వాళ్ల మాస్టారు జ్వరమొచ్చి మధ్యలోనే ఇంటికెళ్లాడట. ఈ ఆఖరి పిల్ల పక్కన నిన్ను కూర్చోమంటోంది. నీ కాళ్ల దగ్గర కూడా బ్రేకుంటుంది. అది తొక్కితే బజరు మోగుతుంది, మోగితే పిల్ల ఫెయిలు. జాగ్రత్త."

ఆ పిల్లకైతే అది మామూలు ఫెయిలు కాదు. గేటు దగ్గర వాళ్ల నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇవాళ గట్టెక్కితే సరే, లేదంటే ఇంటికి తీసుకుపోతాడు, మళ్లీ గడప దాటనివ్వడు. ముందే తేల్చి చెప్పేశాడట.

మాట సాయానికి ఆడపడుచు వెనకసీట్లో ఎక్కింది, మేడమ్ గేటు దగ్గరే ఉండిపోయింది. పిల్ల మైదానం చుట్టూ కారును చక్కగా తిప్పుతోంది. వదిన కాళ్లు రెండూ దగ్గరికి నొక్కిపట్టి కూర్చుంది. మలుపులో ఎదురుగా నీళ్ల వ్యాను వచ్చింది, ఎడమపక్కన. ఎదురొచ్చే బండికి ఈ దేశంలో అదే సరైన పక్క. పిల్ల అప్పటికే వేగం తగ్గించింది కూడా. కానీ వదిన కళ్లకు అది మీద పడబోయే బండి! "అమ్మో!" అనేలోపే కాలు తన పని తను చేసేసింది.

బజరు మైదానమంతా మోగింది.

"తప్పు నాది! నా పాడు కాలిది! పిల్ల బంగారంలా నడిపింది!" దిగుతూనే వదిన అరిచింది.

ఆడపడుచు ఇద్దరి మాటలూ అటూ ఇటూ అందిస్తుంటే మేడమ్ తల అడ్డంగా ఊపింది. "జాలిపడి అంటున్నారేమో, నాకేం తెలుసు? పొద్దున ఇంకో అమ్మాయిని ఇదే బజరుకు ఫెయిల్ చేశాను."

"వెనకసీట్లో ఉన్నావుగా, నువ్వైనా చెప్పవే!"

ఆడపడుచు వెనక తలుపు తీసుకుని దిగింది. "నువ్వు అమ్మో అనగానే కళ్లు మూసేసుకున్నా వదినా."

ఏం చెయ్యాలి ఈ మనుషులతో! వదినకు కోపం, ఏడుపు కలిసి తన్నుకొచ్చాయి. చుట్టపుచూపుగా వచ్చి ఎవరి పిల్ల బతుకో పాడు చేశానే అని కుమిలిపోయింది. పిల్ల మాత్రం ఏడవలేదు. స్టీరింగు వదలకుండా ముందుకే చూస్తోంది.

తండ్రి గేటు దగ్గర్నుంచి విసవిసా వచ్చి ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడే?"

"ఎవరి మాటా అక్కర్లేదట. పక్కన తనే కూర్చుని చూస్తాడట."

మేడమ్ సరే, తనూ కళ్లారా చూస్తానని వెనకసీట్లో ఎక్కింది. తండ్రి ముందు కూర్చున్నాడు. కింద ఏది ముట్టుకుంటే ఏమవుతుందోనని చెప్పులు విప్పి కాళ్లు రెండూ సీటు మీదికి లాక్కున్నాడు. కారు కదిలింది. వదిన అటూ ఇటూ తిరుగుతూ, చెవులు రిక్కించి, తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది. నీళ్ల వ్యాను ఖాళీ చేసుకుని మళ్లీ ఎదురొచ్చింది. ఆవిడ గట్టిగా కళ్లు మూసుకుంది. బజరు మోగలేదు.

కారు గేటు దగ్గర ఆగింది. మేడమ్ నవ్వుతూ దిగింది. తండ్రి దిగలేదు. కూతురితో ఏదో అన్నాడు.

"ఏమిటట?" వదిన ఆడపడుచు చెయ్యి పట్టుకుని ఊపేసింది. "చెప్పవే తల్లీ!"

"ఇంకో చుట్టు తిప్పమంటున్నాడు వదినా."

కారు మళ్లీ కదిలింది.