తలుపు వేసిన గది

కంచం ముందు కూర్చుని, ఎక్కడో రష్యాలో తలుపు వేసుకున్నవాళ్ళ గురించి బెంగపెట్టుకునే మొగుణ్ణి ఏ ఆడదీ మొక్కుకుని తెచ్చుకోదు. ఆవిడకు మొక్కకుండానే దొరికాడు. ముప్ఫై ఏళ్ళుగా కోర్టులో స్టెనో. వంగిన వీపు, మధ్యవేలి మీద పెన్సిలు ఒరిసి కాసిన కాయ, కూర్చుంటే కుర్చీకి కూడా తెలియనంత నెమ్మది.

ఈమధ్య ఆయన ఇటుకంత పాత రష్యన్ నవలొకటి పట్టుకున్నాడు. అందులో కథ చెప్పేవాడు ఆ ఊరివాడేనట. అప్పుడప్పుడు ‘నేను’ అంటాడు. పేరు చెప్పడు, చేసే పనేమిటో చెప్పడు. ఇద్దరు మనుషులు తలుపు వేసుకుని మాట్లాడుకున్నది మాత్రం పొల్లుపోకుండా చెబుతాడు. వాడికెలా తెలిసిందన్నదే ఆయన గొడవ.

“ఇద్దరే ఉన్న గదిలో మూడోవాడెలా ఉంటాడండీ? రాసినాయన పొరపాటు. తినండి,” అంది ఆవిడ, డిగ్రీలో సాహిత్యం చదివిన ధీమాతో. “కాదంటారా, నాది తప్పని నా చేత ఒప్పించండి చూద్దాం.”

ఆవిడ తప్పు ఒప్పుకున్న దాఖలా ఆ ఇంట్లో ఇంతవరకూ లేదు. ఎలాగైనా ఒకటి సంపాదించాలని ఆయనకూ ఉంది. పెన్సిలు రెండువైపులా చెక్కుకుని, నవల సంచిలో వేసుకుని వెళ్ళాడు.

ఆ రోజు కోర్టులో ఒక అమ్మాయి అందరి ముందూ నోరు విప్పలేకపోయింది. జడ్జిగారు వకీళ్ళతో సహా అందరినీ బయటికి పంపి, తలుపు వేయించి, “ఇక్కడ ఎవరూ లేరమ్మా, చెప్పు,” అన్నారు. ఆ అమ్మాయి గదంతా చూసింది. స్టెనో మీదుగానూ చూసింది. ఎవరూ లేరని నమ్మకం కుదిరాక చెప్పింది. ఆమె ఏడ్చినచోట ఏడ్చిందని ఆయన రాసుకున్నాడు. పేజీ తిప్పబోతుంటే, ఉలిక్కిపడ్డట్టు పెన్సిలు ఒక్క క్షణం ఆగింది. ముప్ఫై ఏళ్ళలో అలా ఆగడం అదే మొదలు.

సాయంత్రం బస్సు కోసం కాచుకునే ఓపిక లేక నడిచే వచ్చేశాడు. మెట్లు కూడా గబగబా ఎక్కి, ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు.

ఆవిడ ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతోంది. ఆయనకు దారి ఇవ్వడానికి కాళ్ళు ముడుచుకుంటూనే, “ఎవరూ లేరే, ఒక్కదాన్నే ఉన్నాను, చెప్పు,” అంది.

ఆయనకు నవ్వొచ్చింది. ఫోను అయ్యాక చెబుదాంలే అని ఎదురుకుర్చీలో కూర్చుని నవల తెరిచాడు. చెల్లెలి అత్తగారి సంగతులు ఓ పట్టాన తెమిలేవి కావు. అవి తెమిలి, ఆవిడ కాఫీ కలిపి తెచ్చేసరికి ఆయన పుస్తకం మీదికి తల వాల్చి ఉన్నాడు. చల్లారిపోతుంది, లేవమంది. రెండోసారీ చెప్పింది. మూడోసారి గ్లాసు కింద పెట్టేసి, ఆయన భుజం పట్టుకుంది.

పెద్దకర్మ అయి, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం మళ్ళీ చెల్లెలి ఫోను. ఒక్కదానివే ఉన్నావా అక్కా అని అడిగింది.

ఆవిడ ఒళ్ళో నవల తెరిచి ఉంది. ఆయన చివరగా చదివిన పేజీ. పక్క ఖాళీలో, తన షార్ట్‌హ్యాండ్ మానేసి, ఆవిడ చదవగలిగేలా విడి అక్షరాల్లో రాశాడు: ‘వాడు లోపలే ఉన్నాడు. వాళ్ళు లెక్కపెట్టుకోలేదు, అంతే.’

“ఆ రోజు ఎవరూ లేరన్నాను కదే నీతో,” అంది ఆవిడ. “ఉన్నారు. ఎదురుగానే ఉన్నారు. నాదే తప్పు.”

ఏ రోజని చెల్లెలు అడుగుతూనే ఉంది. పేజీల మధ్య ఆయన పెన్సిలు ఉంది. దానికి ఒకవైపు మొన ఇంకా అరగనే లేదు.