గంపల కింది పిల్లలు

మద్రాసు నుంచి బెంగళూరు పోయే విమానం సాయంత్రాల్లో మా నాయన ఉండే పల్లె మీదుగా పోయేది. కుప్పానికీ వెంకటగిరికోటకూ నడుమ ఉంది ఆ పల్లె. నాయన దేవదాసు అక్కడి మిషన్ బడిలో అయ్యవారు. యుద్ధం ముగిసి మూడేళ్ళు కావస్తున్నా, విమానం చప్పుడు వినబడితే జనం పనులు ఆపి తలలెత్తేవాళ్ళు.

ఆ రోజు నేనూ చెరువుకట్ట ఎక్కాను. నా భర్త జ్ఞానశేఖర్ ఆ విమానంలో ఉన్నాడు. మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో ఆయన డాక్టరు. మద్రాసులో పని చూసుకొని, ఒక్కసారైనా విమానం ఎక్కాలన్న కోరిక తీర్చుకొని, బెంగళూరులో దిగి బస్సులో మా దగ్గరికి రావాలని ఆయన ఆలోచన. "మీ ఊరి చెరువుకట్ట మీద నిలబడు, తెల్ల రుమాలు ఊపుతా" అని చెప్పి పోయాడు. అంత ఎత్తు నుంచి రుమాలు కనిపించదని నాకు తెలుసు. అయినా కట్టుకున్న నీలంచీర విడిచి ఎర్రచీర కట్టుకున్నాను.

"మొగుడు పైన పోతాంటే కింద నిలబడి సూసేదానికి ఇంత మంచి చీరా?" అంది పక్కింటి మారెమ్మ. "ఊరికే పోతాడా, ఏమన్నా పడేసి పోతాడా?"

"పడేస్తే నీ నెత్తినే పడేయమని చెప్పాను" అన్నాను.

కట్ట కింద చెరువు పూర్తిగా ఎండిపోయి ఉంది. నడుమ చదునుగా ఉన్నచోట తిమ్మప్ప, అతని భార్య పాపక్క గొర్రెల మంద పెట్టుకున్నారు. పొద్దున గొర్రెపిల్లలకు పాలు తాపి గొర్రెలను మేతకు తోలతారు. నడవలేని పసిపిల్లలను వెదురు గంపల కింద మూసి పోతారు. సాయంత్రం తల్లులు వచ్చి కుదురుకున్నాక పాపక్క ఒక్కో గంప ఎత్తి, ఏ పిల్లను ఆ తల్లికి అందిస్తుంది. పుట్టింటికి వచ్చినప్పటి నుంచీ రోజూ చూస్తున్నాను. ఆ పూట మంద అప్పుడే తిరిగొచ్చింది. గంపలు ఇంకా ఎత్తలేదు.

ముందు చప్పుడు వచ్చింది. రోజూ వినే చప్పుడు కాదది. జోడెడ్ల బండిని ఒక్క ఎద్దే లాగుతున్నట్టు ఈడ్చుకుంటూ వస్తోంది. తర్వాత తూర్పు గుట్ట మీద విమానం కనబడింది, చాలా కిందుగా. ఒక రెక్క మీది పంకా నిలిచిపోయి ఉంది. దాని వెనకే నల్లటి పొగ.

కట్ట మీద నవ్వులు ఆగిపోయాయి.

"ఒక ఇంజను సచ్చిపోయిండాది" అన్నాడు అంజినప్ప. యుద్ధంలో బర్మా పక్క విమానాల మైదానంలో లారీ తోలి వచ్చినవాడు. "రెండోది కూడా దగ్గుతాండాది. బెంగళూరు దాకా పోలేదు అయివోరా."

"మరి?" అన్నాడు నాయన.

"దిగేదానికి సోటు ఎతుకుతాండాడు. యాడ సూసినా గుట్టలు, బండలు. సదరంగా ఉండేది ఈ చెరువొకటే."

విమానం మా తలల మీదుగా పోయి, ఒక పక్కకు ఒరిగి తిరిగింది. కిటికీలు వరసగా కనిపించాయి. నేను రుమాలు కోసం చూడలేదు. చెరువు నడుమ ఉన్న మందనే చూశాను. నాయన కూడా అటే చూశాడు.

అందరం కట్ట దిగి పరిగెత్తాం.

"తిమ్మప్పా, మందను తోలు" అని నాయన దూరం నుంచే కేక వేశాడు.

"యాడికి తోలేది? ఇప్పుడే గదా వచ్చినాయి."

"గాలిమోటరు నీ నెత్తిన దిగుతాండాదిరా" అన్నాడు అంజినప్ప.

తిమ్మప్ప తలెత్తి చూశాడు. కర్ర అందుకొని మందను అదిలించాడు. కుక్కలు అటూ ఇటూ ఉరికాయి. మంద కదిలి కొంత దూరం పోయింది. అంతలోనే తల్లి గొర్రెలు కుక్కలను తప్పించుకొని వెనక్కి మళ్ళాయి. వాటి వెంట మిగతావీ మళ్ళాయి. వచ్చి గంపల చుట్టూ నిలబడి అరవడం మొదలుపెట్టాయి.

"ఈటికేం పోయేకాలం వచ్చిండాది?" అంటూ తిమ్మప్ప కర్రతో బాదుతున్నాడు. అవి దెబ్బలు తింటున్నాయి గాని కదలడం లేదు. పిల్లలకు పాలు తాపకముందే మందను తోలిన రోజు అతని జన్మలో లేదు. పొదుగులు నిండి ఉన్నాయి, గంపల కింద పిల్లలు ఏడుస్తున్నాయి.

నాకు అర్థమై దగ్గరున్న గంప ఎత్తేశాను. రెండు పిల్లలు బయటపడి చెరో దిక్కుకు పోయాయి. వాటికోసం నాలుగు గొర్రెలు అడ్డం పడ్డాయి.

"ఊరికే ఎత్తొద్దమ్మా" అని పాపక్క అరిచింది. "ఇడిస్తే యాడికన్నా పోతాయి. ఒళ్ళో ఏసుకొని పో. తల్లి నీ ఎంటనే వస్తాది."

కొంగు నడుముకు చుట్టి పిల్లలను ఒళ్ళో వేసుకున్నాను. నాయన రెంటిని భుజాన వేసుకున్నాడు. మారెమ్మ చంకకొకటి ఇరికించుకుంది. పడమటి గట్టు వైపు నడిచాం. తల్లులు నా మోకాళ్ళను తలలతో పొడుస్తూ వెంట వచ్చాయి. వాటి వెనక మంద. దింపి మళ్ళీ పరిగెత్తడం, మళ్ళీ మోయడం. పైన విమానం ఇంకోసారి తిరిగింది. దాని చప్పుడు తెగిపోయి, మళ్ళీ అందుకుంది. తెగినప్పుడల్లా నా కాళ్ళు ఆగిపోయేవి.

చివరికి దూరంగా ఒక్క గంప మిగిలింది. పక్కన ఒక గొర్రె. నేను అటు తిరగగానే అంజినప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.

"పోవద్దమ్మా. వచ్చేస్తాండాడు."

"ఆ గొర్రెను చూసి విమానాన్ని మళ్ళీ పైకి లేపితే?"

"లేపేదానికి ఇంజను యాడుండాది?"

చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. చక్రాలు బయటికి రాలేదు. విమానం పొట్టతో నేలను తాకి, చెరువును రెండుగా చీలుస్తున్నట్టు దూసుకుపోయింది. గంప పక్కనుంచే పోయింది. గొర్రె కదలలేదు. చెరువు కొసన తూము రాళ్ళకు విమానం ముక్కు కొట్టుకుంది. దుమ్ము లేచింది. దుమ్ములో నుంచి మంట.

అంజినప్ప, తిమ్మప్ప గడ్డపారతో తలుపు పెకలించారు. నాయన, ఊరి మొగవాళ్ళు మంట మీద ఇసుక ఎత్తిపోశారు. ముందు ఒక ముసలాయన వచ్చాడు. తర్వాత బిడ్డను ఎత్తుకొని ఒకామె. తర్వాత చొక్కా కాలిన ఒక మనిషిని పట్టుకొచ్చారు. ప్రతి ముఖమూ చూశాను. ఏదీ ఆయనది కాదు.

"ఇంకా ఉండారా లోపల?" అని అడిగాను. తిమ్మప్ప మళ్ళీ లోపలికి దూరాడు.

అప్పుడు తిమ్మప్ప వెనక్కి నడుస్తూ దిగాడు. అతని చేతుల్లో ఒకతని భుజాలు. కాళ్ళు పట్టుకొని దిగినవాడు జ్ఞానశేఖర్. నుదుటి నుంచి రక్తం కారుతోంది. నన్ను చూడలేదు. అతన్ని పడుకోబెట్టి, విరిగిన కాలు తడిమి, తలెత్తకుండానే అన్నాడు: "కట్టు కట్టేదానికి బద్దలు కావాల. బిరీన."

చెరువులో పుల్ల కూడా లేదు. పాపక్క ఖాళీ గంపల వైపు చూసింది. ఒకదాని మీద కాలు వేసి తొక్కి, వెదురు బద్దలు చీల్చి తెచ్చింది.

"ఇయ్యి సాల్తాయా సామీ?"

"సాల్తాయి. ఇంకా తే."

నేను కొంగు చింపి అందించాను. ఆ ఎర్రగుడ్డను చూసి తలెత్తాడు.

"నువ్వా? పైనుంచి సూసినా. ఎవరో ఎర్రచీర ఆమె గొర్రెపిల్లల్ని మోసుకొని పరిగెత్తుతాంటే, పిచ్చిదేమో అనుకొంటి." నుదుటి రక్తం మోచేత్తో తుడుచుకున్నాడు. "ఆ కాలు గట్టిగా పట్టుకో. కదలనీకు."

పట్టుకున్నాను.

ముందు కూర్చొని విమానం నడిపిన ఇద్దరూ బయటికి రాలేదు. ఇంజనులో నూనె గొట్టం పగిలిందనీ, నడిపినవాళ్ళ తప్పేమీ లేదనీ తర్వాత విచారణకు వచ్చిన అధికారులు చెప్పారు. తూము రాళ్ళ దగ్గర నిలబడి చెప్పారు. నాయన టోపీ తీసి విన్నాడు.

ఆ సాయంత్రం జ్ఞానశేఖర్ ఒకరి తర్వాత ఒకరికి కట్లు కడుతూనే ఉన్నాడు. గంపలన్నీ బద్దలయ్యాయి. దూరంగా ఆ ఒక్కటే మిగిలింది. గొర్రె ఇంకా దాని పక్కనే ఉంది. పాపక్క అక్కడికి పోయి గంప ఎత్తింది. పిల్ల లేచి తల్లి కిందికి దూరింది. అది కడుపునిండా తాగేదాకా పాపక్క ఆగింది. తర్వాత ఆ గంపను కూడా ఆయన దగ్గరికి తెచ్చి, కాలితో తొక్కి విరిచింది.