ఎర్ర బిళ్ళ

నేను ఒక వెన్నెముకను. ఎవరిదని అడుగుతారేమో, ఎవరిదీ కాదు. ఏ మనిషినీ ఒక్క పూటైనా నిలబెట్టిన పాపాన పోలేదు. ప్లాస్టిక్‌తో పోతపోసి, లోపల ఇనప చువ్వ గుచ్చి, చెక్కపీట మీద నిలబెట్టిన బొమ్మను. అయినా నా ఎదుట కూర్చున్నవాళ్ళంతా నన్ను చూడగానే తమ నడుము పట్టుకుంటారు. అంతవరకూ బాగానే ఉన్నవాళ్ళు కూడా మూలుగుతారు. మనుషుల్ని అంత తేలిగ్గా నమ్మకూడదని నాకు తట్టింది అక్కడే.

నేను పుట్టింది ఓ రేకుల షెడ్డులో. అచ్చులోంచి నా పూసలన్నీ పాచిపళ్ళ రంగులో ఊడిపడ్డాయి. మెడకు ఏడు, వీపుకు పన్నెండు, నడుముకు ఐదు. మెడలో మొదటిది ఉంగరంలా ఉంటుంది, తలకాయ బరువంతా దాని మీదే. రెండోదానికి పైకి ఓ మేకు పొడుచుకొచ్చి ఉంటుంది. ‘నాకేం తెలీదు’ అని మీరు తల అడ్డంగా ఊపేది ఆ మేకు చుట్టూనే. వీపు పూసలకు రెండు పక్కలా పక్కటెముకలు తగులుకునే గుంటలుంటాయి. నడుము పూసలు బాగా బలిసినవి, పైనున్న సంసారమంతా మోసేది అవే కదా. వాటి కింద ఐదు పూసలు అతుక్కుపోయి ఒకటే పలకగా మారిన త్రికం, దాని కొసన మీరెప్పుడో మరిచిపోయిన తోక తాలూకు ముక్క. పక్కనుంచి చూస్తే నేను మెడ దగ్గర ముందుకు, వీపు దగ్గర వెనక్కి, నడుము దగ్గర మళ్ళీ ముందుకు వంగి కనిపిస్తాను. నిటారుగా కూర్చోమని పిల్లల్ని గదమాయించే పెద్దవాళ్ళలో ఒక్కరి వెన్ను కూడా నిటారుగా ఉండదన్న సంగతి నాకు తెలుసు.

మెడలో పై రెండు పూసల్ని వదిలేస్తే, పూసకీ పూసకీ మధ్య ఒక్కో బిళ్ళ ఉంటుంది. అంచున గట్టి పొరలు, నడుమ మెత్తటి గుజ్జు. మీరు గెంతినా, మెట్లు దిగినా ఆ అదురంతా అదే మింగుతుంది. పూసల వెనక ఉన్న రంధ్రాలు ఒకదాని కింద ఒకటి కలిసి ఓ గొట్టమవుతాయి. అందులోంచి వెన్నుపాము దిగుతుంది. అది నడుము మొదట్లోనే ఆగిపోతుంది, అక్కణ్ణుంచి నరాలు జడకుచ్చుల్లా విడిపోయి కాళ్ళకు పోతాయి. నాలో వెన్నుపాము అంటే ఓ పసుప్పచ్చ వైరు, అంతే.

ఇంతవరకూ నిజమే. ఆ తర్వాత రంగులేసే మనిషి వచ్చాడు. నడుములో నాలుగో పూసకూ ఐదో పూసకూ మధ్య బిళ్ళ అచ్చులోనే వెనక్కి ఉబ్బి వైరును నొక్కుతున్నట్టు ఉంది. దానికి ఆయన లారీ వెనక దీపమంత ఎర్రగా రంగు కొట్టాడు. మనిషి ఒంట్లో ఏ బిళ్ళా అలా ఎర్రగా ఉండదు. అలా ఉబ్బిన బిళ్ళ ఉన్నా ఏ నొప్పీ లేకుండా తిరిగేవాళ్ళు బోలెడుమంది. కానీ నన్ను చూసిన ఎవరికైనా ముందు కంట్లో పడేది ఆ ఎర్ర బిళ్ళే.

నన్ను కొన్నది నొప్పి మాత్రలు అమ్మే ఓ కంపెనీ. వాళ్ళ రిప్రజెంటేటివ్ నన్ను మోటారు సైకిలు వెనక కట్టుకుని విజయనగరం తీసుకొచ్చి ఓ ఎముకల డాక్టరుకు ఊరికే ఇచ్చాడు. ఊరికే అన్న మాట విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఆ నెల నుంచి డాక్టరు గారి చీటీలన్నిటి మీదా ఆ మాత్రల పేరే ఉండేది. కొన్నేళ్ళకు మరో కంపెనీ ఆయనకు దీపాలు వెలిగే కొత్త వెన్నెముకను ఊరికే ఇచ్చింది. అప్పుడు ఆయన నన్ను తనతో చదువుకున్న డాక్టర్ చింతాడ విశ్వనాథం గారికి ఇచ్చేశాడు. ఈయన ఊరి బయట ఉన్న ఓ జనపనార మిల్లులో డాక్టరు.

విశ్వనాథం గారు చెడ్డవాడు కాదు. ఒకప్పుడు అందర్నీ నమ్మేవాడట. నడుం నొప్పని ఏడ్చిన ఒకడికి విశ్రాంతి రాసిస్తే, వాడు మర్నాడే అమ్మవారి సంబరంలో పులివేషం కట్టి డప్పు మోతకు గెంతుతూ ఈయన కళ్ళబడ్డాడు. ఆ గెంతులు చూడ్డానికి మిల్లు మేనేజరు కూడా వచ్చి ఉన్నాడు. ఆ రోజు నుంచి డాక్టరు గారికి నడుం నొప్పి అన్న మాట వింటే ఒళ్ళు మండేది. మిల్లులో నార కట్టలు మోసేవాళ్ళు, మగ్గాల దగ్గర రోజంతా నిలబడేవాళ్ళు వచ్చి లైటు డ్యూటీ అడుగుతారు. అంటే కూర్చుని సంచులు కుట్టే పని. అది డాక్టరు చీటీ ఉంటేనే ఇస్తారు. ఎవరికి ఇవ్వాలో, ఎవరు పులివేషం గాళ్ళో తేల్చడానికి ఆయనకు నేను దొరికాను.

ఆయన పద్ధతి ఇదీ. వచ్చినవాడి ముందుకు నన్ను జరిపి, ‘నొప్పెక్కడో దీని మీద చూపించు’ అంటాడు. నిజంగా నొప్పి ఉన్నవాడికి నాతో పనేమిటి? వాడి చెయ్యి తిన్నగా వాడి వీపు మీదికే పోతుంది. దొంగవాడు మాత్రం నన్ను పైనుంచి కిందికి చూసి, ఎర్రగా ఉన్నది కాబట్టి అదే అయ్యుంటుందని వేలు పెడతాడు. వేలు ఎర్ర బిళ్ళ మీద పడిందా, చీటీ లేదు. నాకు ఆ పద్ధతి నచ్చింది. దాచడమెందుకు, ఆ రోజుల్లో నేను కొంచెం గొప్పగా కూడా నిలబడేవాణ్ణి. ఆయనకంటే ముందే మొహాలు చదివి, వీడు పులివేషమే అని తేల్చేసుకునేవాణ్ణి.

ఈ పద్ధతికి చేటు తవుడు అనేవాడి వల్ల వచ్చింది. మిల్లులో నార కట్టలు మోసే మనిషి, నోరున్నవాడు, నలుగురికీ కావలసినవాడు. వాడూ వచ్చి తిన్నగా ఎర్ర బిళ్ళ మీద వేలు పెట్టాడు. డాక్టరు గారు పొమ్మనబోయి, వాడు లేచిన తీరు చూసి ఆగాడు. ఎడమ పాదం నేల మీద ఈడుస్తున్నాడు. బల్ల మీద పడుకోబెట్టి చూస్తే బొటనవేలు పైకి లేవడం లేదు. వాడికి నిజంగానే ఆ ఎర్ర బిళ్ళ ఉన్న చోటే నరం నలిగిపోయింది. చచ్చినట్టు చీటీ రాసివ్వాల్సి వచ్చింది.

తవుడు బయటికెళ్ళి వరండా బెంచీ మీద ఉన్నవాళ్ళందరికీ ఈ సంగతి చెప్పాడు. పాదం సంగతి చెప్పలేదు, వాడికది ముఖ్యమని తోచలేదు. ఎర్ర బిళ్ళ చూపిస్తే డాక్టరు బాబు చీటీ ఇచ్చేస్తాడని చెప్పాడు. మంచికే చెప్పాడు. ఆ మాట మిల్లంతా పాకింది. ఇక చూడండి, ఎవరొచ్చినా ఎర్ర బిళ్ళే. మెడ పట్టేసినవాడూ అదే, తుంటి నొప్పివాడూ అదే, నొప్పే లేనివాడూ అదే. రోజురోజుకీ డాక్టరు గారి మొహం గట్టిపడింది. మిల్లు మిల్లంతా అబద్ధాలకోరులేనని ఆయన నర్సు ఎస్తేరమ్మతో అన్నాడు.

అసిరమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. మగ్గాల కింద పడ్డ నార ఎత్తి గంపలో మోసే మనిషి. నలభై దాటి ఉండవు. రవిక భుజాల మీంచి జారిపోతోంది, ఎవరిదో అడిగి తొడుక్కున్నట్టు ఉంది. కుర్చీలో కూర్చోవడానికి బల్ల అంచు రెండు చేతులా పట్టుకుని, నడుం వంచకుండా, ఏదో కడ్డీ మింగినదానిలా దిగింది. నటన అయితే చాలా బాగా చేస్తోందనుకున్నాను. డాక్టరు గారు నన్ను జరిపాడు. ఆమె చెయ్యి మొదట వెనక్కి, వీపు నడిమధ్యకు పోబోయింది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, ముందుకొచ్చి, ఎర్ర బిళ్ళ మీద వేలు పెట్టింది.

అబద్ధం. నాకు తెలిసిపోయింది, డాక్టరు గారికీ తెలిసిపోయింది. నాలుగు మాత్రలిచ్చి పంపేశాడు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది, ఇంకా చిక్కింది. మళ్ళీ అదే వేలు, అదే బిళ్ళ. చీటీ ఇవ్వకపోతే పని మానుకోవాల్సి వస్తుందని, ఇంట్లో తన జీతం తప్ప మరోటి లేదని మెల్లగా అంది. ఆయన ఆ మాటను కూడా నమ్మలేదు. ఆమె లేచి తలుపు దాకా వెళ్ళేటప్పుడు మోకాళ్ళు ఒకదానికొకటి తగులుకుని తూలడం నేను చూశాను. ఆయన అప్పటికే తరవాతివాణ్ణి పిలిచేశాడు.

ఆ వారం డాక్టరు గారికి ఓ ఆలోచన వచ్చింది. అందరి నాటకం ఒక్క దెబ్బతో బయటపెట్టాలని, ఎస్తేరమ్మ దగ్గర కట్లు కట్టే తెల్ల ప్లాస్టరు తీసుకుని ఎర్ర బిళ్ళ కనబడకుండా చుట్టేశాడు. ఆ చుట్టేటప్పుడు ఆయన మొహంలో కనబడ్డ సంతోషం నాకేం నచ్చలేదు.

మర్నాడు తమాషా చూడాల్సిందే. వచ్చినవాళ్ళు నన్ను అటూ ఇటూ తిప్పి వెతికారు. ఒకడు నడుం నొప్పని వచ్చి మెడ మీద వేలు పెట్టాడు. ఇంకొకడు పీటను చూపించాడు. డాక్టరు గారు ఒక్కొక్కణ్ణీ నవ్వి పంపిస్తున్నాడు. అప్పుడు అసిరమ్మ గోడ పట్టుకుని లోపలికొచ్చింది.

ఆమె నన్ను చూసింది. కింద చూసింది, వంగలేక మెడ సాచి అవతల పక్క చూసింది. వేలు గాల్లోనే ఉండిపోయింది. ‘ఏదమ్మా, చూపించు’ అన్నాడు డాక్టరు గారు, ఆమె దొరికిపోయిందన్న ధీమాతో. ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఎర్ర బిళ్ళ తీసేశారు కదా, ఇంక తనకు చీటీ రాదు కదా అని నీరసంగా అడిగింది. ఆ తర్వాత, ఇక పోయేదేముందన్నట్టు, చెయ్యి ఎత్తి నా వీపు మధ్యన, పక్కటెముకల గుంటలున్న పూసల మీద పెట్టింది.

“నాకు నొప్పి ఇక్కడ బాబూ. మొదట్నించీ ఇక్కడే. సాయంత్రమైతే జొరం కూడా వస్తంది.”

డాక్టరు గారి నవ్వు ఆగిపోయింది. లేచి ఆమె వెనక్కి వెళ్ళాడు. నేనున్నచోటి నుంచి నాకంతా కనబడింది. చీర కొంగు కింద వీపు మధ్యన ఓ పూస బయటికి పొడుచుకొచ్చి ఉంది, చిన్న రేగుకాయంత. ఆయన దాని మీద వేలితో మెల్లగా తట్టాడు. అసిరమ్మ బల్ల మీదికి వాలిపోయింది. ఇన్నాళ్ళూ ఆయన ఆ వీపు ఒక్కసారైనా చూసి ఉండలేదు. నన్నే చూశాడు.

“ముందే ఎందుకు చెప్పలేదమ్మా?”

“నిజిం సెప్తే మీరు నమ్మరని అందరూ అన్నారు బాబూ.”

ఆయన జీపు తెప్పించి ఆమెను పట్నం పెద్దాసుపత్రికి పంపించాడు. ఎక్స్‌రే ఫిల్ము తీస్తే వీపులో తొమ్మిదో పూసనూ పదో పూసనూ క్షయ తినేసిందని తేలింది. మధ్య బిళ్ళ కరిగిపోయి, రెండు పూసలూ ముందుకు కూలి, వెన్నుపామును నొక్కుతున్నాయి. ఇంకొంచెం ఆలస్యమైతే కాళ్ళు పడిపోయేవట. నేను ఆ రోజంతా ఆలోచించాను. అసిరమ్మ చెప్పింది అబద్ధమేనని మేమిద్దరం సరిగ్గానే పట్టుకున్నాం. కానీ ఆ అబద్ధం నొప్పి గురించి కాదు, చోటు గురించి. ‘మరి నీ వీపు మీద ఎక్కడ’ అన్న ఒక్క ప్రశ్న అడగడం డాక్టరు గారికి చేతకాలేదు, నాకు నోరు లేదు.

తర్వాత నన్ను బీరువా పైకి ఎక్కించారు. దుమ్ము పట్టింది, నాకేం ఫర్వాలేదు. కింద గదిలో ఇప్పుడు డాక్టరు గారు ఎవరొచ్చినా ముందు చొక్కా తీయమంటాడు, వీపు మీద చెయ్యి వేసి చూస్తాడు, పాదాలు ఎత్తమంటాడు. పులివేషం గాళ్ళు ఇప్పటికీ వస్తారు, కొందరు చీటీ కొట్టేస్తారు కూడా. ఆయన మారాడంటే నేను చాలాకాలం నమ్మలేదు. ఏదో భయం కొద్దీ నాలుగు రోజులు చేస్తాడులే అనుకున్నాను.

ఏడాది పైన గడిచాక అసిరమ్మ వచ్చింది. మందులన్నీ వాడిందట, నడుముకు పట్టీ ఉంది, ఒంటిమీద కాస్త కండ పట్టింది. ఎవరినీ పట్టుకోకుండా నడిచొచ్చింది. మిల్లులోకి మళ్ళీ తీసుకోవాలంటే బాగున్నట్టు డాక్టరు రాసివ్వాలి. నొప్పి ఏమైనా ఉందా అని ఆయన అడిగాడు.

“ఇంక నేదు బాబూ. గంప ఎత్తగలను. ఎంత బరువైనా ఎత్తగలను.”

ఆ మాట అనేటప్పుడు ఆమె కుర్చీ చెయ్యిని గట్టిగా పట్టుకుని ఉంది. పైనుంచి నాకు వేళ్ళు తెల్లబడటం కనిపించింది. బాగాలేదంటే పని పోతుందని ఆమె భయం. నమ్మి సంతకం పెట్టేస్తాడని నేననుకున్నాను, అలా పెట్టడం తేలిక కాబట్టి. డాక్టరు గారు నమ్మలేదు. కలం కింద పెట్టి లేచి, బల్ల తిరిగి ఆమె వెనక్కొచ్చి, వీపు మీద అరచెయ్యి ఆనించాడు. పని పోదమ్మా, కూర్చుని కుట్టే పని ఇప్పిస్తాను, నొప్పి ఎక్కడుందో అది చెప్పు అన్నాడు.

వరండాలో ఎవరో దగ్గుతున్నారు, ఎస్తేరమ్మ సీసాలు సర్దుతోంది. డాక్టరు గారు చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డాడు.

“ఇంకొంచెం కిందకి బాబూ,” అంది అసిరమ్మ.